మానిఫోల్డ్ బోల్టులు ఊరికే లూజవుతుంటే ముందు సైలెన్సర్ బ్రాకెట్ చూడండి

లారీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి వచ్చే పొగనంతా ఒకచోట చేర్చే పోత ఇనుప గొట్టం) బోల్టులు ఎంత బిగించినా రెండు ట్రిప్పులకే వదులవుతున్నాయి, స్ప్రింగ్ వాషర్లు మార్చినా లాభం లేదు, ఏం చేయాలి అని ఒకరు అడిగారు. ఏడాది పాటు నేనూ ఇదే పడ్డాను.

నాది పది టైర్ల బండి. విశాఖ నుంచి సాలూరు ఘాట్ మీదుగా రాయపూర్‌కి స్టీలు లోడు. పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని సౌండు, ఇంజను వేడెక్కాక మాయం. చివరి సిలిండర్ దగ్గర, మానిఫోల్డ్ బిగించే ఇంజను హెడ్డు మీద నల్లటి మసి చార. టర్బోకి (పొగ బలంతో తిరిగి ఇంజనుకి గాలి ఎక్కించేది) వెళ్లాల్సిన గ్యాస్ మధ్యలోనే పోతుంటే ఘాట్‌లో పికప్ ఎక్కడిది! నేనేమో ఆగిన చోటల్లా, వేడి మీదే, స్పానర్‌కి పైపు తగిలించి బిగించేవాణ్ణి. చివరికి ఒక బోల్టు తల తెగి చేతికొచ్చింది. హెడ్డులో మిగిలిన ముక్కకి నట్టు వెల్డింగ్ చేసి తిప్పి తీయడానికి రెండు రోజులు పట్టింది.

గాజువాక ఆటోనగర్‌లో మేస్త్రీ బోల్టుల వైపు చూడనే లేదు. బండి కింద దూరి సైలెన్సర్ పట్టుకుని ఊపాడు. బ్రాకెట్ విరిగి ఉంది, రబ్బరు బుష్ ఎప్పుడో రాలిపోయింది. ఆ బరువంతా మానిఫోల్డ్‌కి వేలాడుతోంది. ప్రతి గుంతకీ బోల్టుల్ని లాగుతోందన్నమాట.

తర్వాత మానిఫోల్డ్ విప్పి స్టీలు స్కేలు ఆనించాడు. రెండు చివర్లా కింద నుంచి వెలుతురు కనిపించింది, అంటే మానిఫోల్డ్ వంగిపోయింది. మెషిన్ మీద ఫేసింగ్ చేయించి (ముఖం చదును చేయించి), కొత్త గాస్కెట్ (మధ్యలో సందు మూసే పట్టీ) వేశాం. 90 సెంటీమీటర్ల పోత ఇనుము 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ జరుగుడుకి చోటు ఉండాలనే రంధ్రాలు బోల్టు కంటే వదులుగా ఉంటాయి. వాటిలో మసి గట్టిపడి ఉంటే గీకేయండి.

ఇక వాషర్ల సంగతి. ఆ వేడికి స్ప్రింగ్ వాషర్ స్ప్రింగు గుణం పోయి మామూలు రింగు అయిపోతుంది. నైలాక్ నట్టులో నైలాన్ కరిగిపోతుంది. మామూలు నీలం రంగు థ్రెడ్ లాకర్ (మరలకు రాసే జిగురు) కూడా అక్కడ నిలవదు. స్టడ్డులైతే (తల లేని, రెండు చివర్లా మరలున్న కడ్డీలు) మొత్తం లోహంతో చేసిన లాక్ నట్లు వేయండి. బోల్టులైతే చెవులు మడిచే లాక్ ప్లేట్లు మంచివి. నేను మాత్రం లేత్ మీద స్టీలు స్లీవ్‌లు (బోల్టుకి తొడిగే గొట్టం ముక్కలు) చేయించి, అంత పొడవు ఎక్కువున్న హైటెన్సిల్ బోల్టులు వేశాను. పొడవాటి బోల్టు కాస్త స్ప్రింగులా సాగి పట్టు వదలదు.

బిగింపు ఇంజను పూర్తిగా చల్లారాకే. మధ్య నుంచి చివర్లకు, మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (తిప్పే బలం కొలత). మరలు పట్టేయకుండా కాపర్ గ్రీజు రాస్తే అదే టార్క్‌కి బోల్టు ఎక్కువ బిగుస్తుంది, కొంచెం తగ్గించాలి. మొదటి లోడు ట్రిప్పు తిరిగొచ్చాక, చల్లగా ఉన్నప్పుడు ఇంకోసారి చూడండి.

ఇప్పటికి మూడు వానాకాలాలు గడిచాయి, స్పానర్ పెట్టే పని పడలేదు. బండికి గ్రీజు కొట్టించే రోజున మాత్రం సైలెన్సర్‌ని ఓసారి ఊపి చూస్తాను.