ఆటగాడి రేషన్ కార్డు ఏ ఊరిది?

పాఠకుల ప్రశ్నలకు ఆటల మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మాది కవిటి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో ఫోన్లో ఓ పాత మ్యాచ్ చూశాం. టోంగా అనే దీవుల దేశం ఆస్ట్రేలియాను ఓడించింది. కామెంటరీలో రగ్బీ లీగ్ అంటున్నారు, జట్టుకు 13 మందే ఉన్నారు. ఇది మామూలు రగ్బీ కాదా? అంత చిన్న దేశం ఎలా గెలిచింది? నా ఫ్రెండేమో, "వాళ్ళలో చాలామంది బయట దేశాల్లో పుట్టినవాళ్ళే, అది టోంగా గెలుపు ఎలా అవుతుంది" అంటున్నాడు.

జవాబు: బాబూ, నువ్వు చూసింది 2019 నవంబర్ 2న ఆక్లండ్‌లో జరిగిన మ్యాచ్. టోంగా 16, ఆస్ట్రేలియా 12. అప్పటికి ఆస్ట్రేలియా ప్రపంచ చాంపియన్. టోంగా జనాభా దాదాపు లక్ష, అంటే మన శ్రీకాకుళం టౌన్ కంటే తక్కువే. దీవులు 170 దాకా ఉన్నా మనుషులుండేవి కొన్నే.

ముందు ఆ 13 సంగతి. రగ్బీలో రెండు రకాలున్నాయి. 15 మందితో ఆడేది యూనియన్. టోంగాలో పాతుకుపోయింది అదే. లీగ్ మాత్రం కూలి డబ్బుల గొడవలో పుట్టింది. ఇంగ్లండ్ ఉత్తరాన గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు శనివారం ఆటకొస్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి ఇప్పించమంటే ఆట పెద్దలు ఒప్పుకోలేదు. 1895లో ఇరవైకి పైగా క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో ఓ హోటల్లో కూర్చుని, మీ దారి మీది మా దారి మాది అని విడిపోయాయి. మన నెల్లిమర్లలోనో రాజాంలోనో జూట్ మిల్లుకు వెళ్ళినవాళ్ళని అడుగు, ఒక్క షిఫ్ట్ పోతే ఇంట్లో ఏమవుతుందో చెప్తారు. జట్టును 13కు తగ్గించింది 1906లో.

ఆట కబడ్డీ భాషలో చెప్తాను. బంతితో పరిగెత్తేవాడు మన రైడర్ లాంటివాడు. అవతలివాళ్ళు పట్టి పడేస్తారు. మనకైతే పట్టుబడితే అవుట్. అక్కడ లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లించి మళ్ళీ ఆడొచ్చు. ఆరోసారి పట్టుబడితే బంతి ఎదుటివాళ్ళకి ఇచ్చేయాలి. అందుకే ఐదో పట్టు అయ్యాక చాలాసార్లు దూరంగా తన్నేస్తారు. గీత అవతల బంతిని నేలకు ఆనిస్తే ట్రై, నాలుగు పాయింట్లు. ఆ తర్వాత గోల్ తంతే ఇంకో రెండు. చేత్తో మాత్రం ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి.

ఈ వెనక్కి ఇవ్వడమే కష్టం. స్కూల్లో పనిచేసే రోజుల్లో కోల బంతి దొరక్క, ఒలవని కొబ్బరికాయతో నేర్పుదామని పిల్లల్ని బారువ బీచ్‌కి తీసుకెళ్ళాను. ఆకారం సరిగ్గా సరిపోయింది. బరువు సంగతే మరిచిపోయాను. రెండో పాస్‌కే ఎనిమిదో క్లాసు కుర్రాడి బొటనవేలు బూరెలా వాచింది. మర్నాడు వాళ్ళమ్మ వచ్చి, "కాయలు కొట్టడానికి గుడి లేదేటి మాస్టారూ" అని నలుగురిలో కడిగేసింది. అప్పట్నుంచి పాత చీర చుట్టి కుట్టిన బంతే.

ఇక నీ ఫ్రెండ్ మాట. అందులో నిజముంది. టోంగా ఆటగాడు జేసన్ టామలోలో పుట్టింది ఆక్లండ్‌లో. అతను న్యూజిలాండ్‌కు ఆడినవాడు. క్లబ్బు ఆస్ట్రేలియాలో, జీతం కూడా అక్కడే. అలాంటివాడు 2017 ప్రపంచ కప్పుకు న్యూజిలాండ్‌ను కాదని టోంగా ఎర్ర జెర్సీ వేసుకున్నాడు. ఆండ్రూ ఫిఫీటాను ఆస్ట్రేలియా ఎంపిక చేసినా వద్దని ఇటే వచ్చాడు. డబ్బు కోసం కాదు, దేశం తరఫున ఆడితే టోంగా ఇవ్వగలిగింది చాలా తక్కువ. అమ్మానాన్నల్లోనో, తాతలు, అమ్మమ్మ నానమ్మల్లోనో ఎవరైనా ఆ దేశంలో పుట్టి ఉంటే ఆడొచ్చని రూలు ఒప్పుకుంటుంది. ఆ టోర్నీలో న్యూజిలాండ్‌తో సగం ఆటయ్యేసరికి 2-16తో వెనకబడి, చివరికి 28-22తో గెలిచారు. సెమీస్‌లో ఇంగ్లండ్ మీద 0-20తో ఉండి, ఆఖరి ఏడెనిమిది నిమిషాల్లో 18 పాయింట్లు కొట్టారు. చివరి క్షణాల్లో ఫిఫీటా గీత దగ్గరికి దూసుకెళ్ళాడు గానీ బంతి చేజారింది. రెండు పాయింట్లతో పోయింది.

మా మండలంలో సంక్రాంతి కబడ్డీకి నేనే రిఫరీని. ఓసారి కనుమ నాడు ఒక జట్టులో కొత్త కుర్రాడు దిగాడు. అమ్మానాన్న మేస్త్రీ పనికి హైదరాబాద్ వలస వెళ్తే అక్కడే పుట్టాడు, మాటంతా తెలంగాణ యాస. అవతలి ఊరి పెద్దాయన బరిలోకొచ్చి, "ఈడి రేషన్ కార్డు ఏ ఊరిదో చూపించండి" అని అడ్డం పడ్డాడు. చూస్తే హైదరాబాద్‌ది. ఒకటే టెన్షన్, రెండు ఊళ్ళూ లేచి నిలబడ్డాయి. అప్పుడు కుర్రాడి నానమ్మ కర్ర పట్టుకుని గీత దాకా వచ్చింది. "తిత్లీ తుపానుకి మా తోట పోతే మొక్కలకి డబ్బు పంపింది ఈడే. అప్పుడు కార్డు ఎవుడడిగినాడు?" అంది. నేను విజిల్ ఊదేశాను.

టోంగాకు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికాల నుంచి సొంతవాళ్ళు పంపే డబ్బు ఆ దేశ జీడీపీలో దాదాపు 40 శాతానికి సమానం. 2022 జనవరిలో సముద్రంలో అగ్నిపర్వతం పేలి, కేబుల్ తెగి, దేశమంతా ఫోన్లు మూగబోయినప్పుడు సామాన్లు పోగేసి పంపింది కూడా వాళ్ళే. నీ ఫ్రెండ్‌కి ఈ లెక్క చెప్పు. అన్నట్టు, ఆ హైదరాబాద్ కుర్రాడు మూడుసార్లు అవుటై వాళ్ళ నానమ్మ ఊరినే ఓడించాడు. అది వేరే సంగతి.

ప్రశ్న: అమ్మాయిలు కూడా ఈ ఆట ఆడతారా? మాది రాజాం, నేను కబడ్డీ ఆడతాను.

జవాబు: ఆడతారమ్మా. కుక్ దీవుల జనాభా 15 వేల చిల్లర. 2022లో ఇంగ్లండ్‌లో జరిగిన ప్రపంచ కప్పులో అక్కడి అమ్మాయిలు ఫ్రాన్స్‌ను ఓడించారు, అబ్బాయిలు 18-12తో వేల్స్‌ను ఓడించారు. మన దేశంలో మాత్రం ఎక్కువగా ఆడేది యూనియన్‌లో ఏడుగురి ఆట, 2016 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నది అదే. నీకు పట్టు వచ్చు కాబట్టి సగం వచ్చినట్టే. ఒక్కటి మానుకో, మెడ మీద చేయి వేయకు, ఇక్కడ అది తప్పు. నడుం కిందికి వంగి తొడలు పట్టు. బీచ్‌లో సాధన చేస్తే తడి ఇసుక మీదే చెయ్యి, పొడి ఇసుకలో మడమలు మెలిక పడతాయి.