పాఠకుల ప్రశ్నలు: ఉప్పెన చూసిన అత్తయ్యగారిని ఓడ ఎక్కించవచ్చా?

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా చెన్నైలో, పెరంబూరులో ఉంటున్నాము. వచ్చే సంవత్సరం మా మామగారికి డెబ్బయ్యేళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా చెన్నై హార్బరు నుంచి బయలుదేరే క్రూయిజ్ ఓడలో కుటుంబమంతా కలిసి మూడు రోజులు తిరిగి రావాలని మావారు, మా ఆడపడుచు అనుకుంటున్నారు. మామగారికి ఎంతో ఇష్టంగా ఉంది. అత్తయ్యగారు మాత్రం ఆ మాట ఎత్తగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోతున్నారు. ఆవిడది నాగాయలంక దగ్గర ఒక పల్లెటూరు. 1977 ఉప్పెన నాటికి ఆవిడ పద్నాలుగేళ్ల పిల్ల. ఆ రాత్రి నానమ్మను, తమ్ముణ్ని పోగొట్టుకున్నారు. మెరీనాకు వెళ్లినా దూరంగా ఇసుకలో కూర్చుంటారే తప్ప నీళ్ల దగ్గరికి రారు. మావారేమో "మహాబలిపురం అని చెప్పి తీసుకెళ్దాం, ఓడ ఎక్కాక అమ్మే సర్దుకుంటుంది" అంటున్నారు. నాకది సబబుగా తోచడం లేదు. ఆవిడను ఎలా ఒప్పించాలి?
(ఒక పాఠకురాలు, చెన్నై)

జవాబు: మీకు సబబుగా తోచకపోవడమే సబబు. మీవారి ఉపాయం నైతికంగానే కాదు, ఆచరణలోనూ నిలవదు. ఓడ ఎక్కేముందు ఎవరి గుర్తింపు కార్డు వారు చూపాలి, సామాను తనిఖీ చేయించుకోవాలి. వచ్చింది మహాబలిపురం కాదని తెలుసుకోవడానికి అత్తయ్యగారికి అయిదు నిమిషాలు చాలు. ఎలాగో ఎక్కించారే అనుకుందాం, రేవు వదిలిన తరువాత మళ్లీ రేవు చేరేదాకా దిగే దారి ఉండదు. నీళ్లంటే భయపడే మనిషికి, సొంత కొడుకే మోసం చేశాడన్న బాధను కూడా తగిలించి మూడు రోజులు సముద్రం మీద ఉంచడం పుట్టినరోజు వేడుక అనిపించుకోదు.

"ఎలా ఒప్పించాలి" అని అడిగారు. ఆవిడ ఒప్పుకోకపోయినా ఫరవాలేదని మీ ఇంట్లో అందరూ, ముఖ్యంగా మామగారు, మనస్ఫూర్తిగా అనుకున్న తరువాతే ఈ సంగతి మళ్లీ ఎత్తండి. కాదనే స్వేచ్ఛ తనకు ఉందని తెలిసినప్పుడే ఆవిడ వంటింట్లోకి వెళ్లకుండా కూర్చుని వింటారు.

ఇక ఆ భయం సంగతి. ఇది సినిమా చూసి పట్టుకున్న భయం కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల ప్రాంతంలో మనుషులు పోయారు. తాటిచెట్టంత ఎత్తున నీళ్లు వచ్చాయని అక్కడివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందువల్ల "ఏమీ కాదు, ఊరికే భయపడుతున్నావు" అనే మాట ఆవిడ దగ్గర అనకండి. ఏమవుతుందో కళ్లారా చూసిన మనిషి ఆవిడ. పిల్లలు ఆటపట్టిస్తుంటే అది కూడా మాన్పించండి. మొదట చేయవలసిన పని ఆవిడను అడగడం: ఓడ మునుగుతుందని భయమా, రాత్రిపూట చుట్టూ నల్లటి నీళ్లు కనిపిస్తాయని భయమా, గాలి హోరు వినిపిస్తుందని భయమా, లేక పోయినవాళ్లు గుర్తొస్తారని దిగులా? మొదటి మూడింటికీ సమాధానాలు ఉన్నాయి. నాలుగోది అయితే ఆవిడ చెప్పినంతసేపూ వినడం తప్ప మీరు చేయగలిగింది లేదు.

మునుగుతామన్నదే భయమైతే, ఒక విషయం ఆవిడకు నిజంగా ఉపయోగపడవచ్చు. తుపాను గాలులు సముద్రపు నీటిని ఒడ్డు వైపు నెట్టినప్పుడు, లోతు తక్కువగా ఉన్న తీరంలో ఆ నీటికి పోయే దారి లేక పైకి లేచి ఊళ్ల మీద పడటమే ఉప్పెన. లోతైన నడిసముద్రంలో నీరు ఆ విధంగా పేరుకుపోదు. 2004 డిసెంబరు 26న మెరీనాను ముంచిన సునామీ కూడా అంతే, నడిసముద్రంలో అది దాటిపోయినా తెలియనంత తక్కువ ఎత్తులో ఉండి, తీరానికి చేరాకే ఎత్తు పెంచుకుంది. ఆ రెండూ ప్రాణాలు తీసింది ఒడ్డున ఉన్నవారివే. అలాగని తుపానులో ఓడకు ప్రమాదం లేదని కాదు. అందుకే తుపాను ఉన్న వైపు ఓడను తీసుకెళ్లరు. 1977లో మనకు వాతావరణాన్ని కనిపెట్టే సొంత ఉపగ్రహం లేదు, ఇన్‌శాట్-1బి పైకి వెళ్లింది 1983లో. ఇప్పుడు బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడినప్పటి నుంచే వాతావరణ శాఖ దాని కదలికను ప్రకటిస్తూ ఉంటుంది, రేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, ఓడ దారి మార్చుకుంటుంది లేదా ప్రయాణమే రద్దవుతుంది. ఒకటో నంబరు, మూడో నంబరు హెచ్చరికలంటే ఏమిటో మీకన్నా ఆవిడకే బాగా తెలిసి ఉంటుంది. ఇదంతా వాదనలాగా కాక, ఆవిడే అడిగినప్పుడు, అడిగినంత మేరకే చెప్పండి. వీలైతే మీరు కాకుండా, ఓడలో వెళ్లి వచ్చిన ఆవిడ ఈడు బంధువు ఎవరైనా ఉంటే వారిచేత చెప్పించండి.

నెల ఎంపిక మీ చేతుల్లోనే ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్లీ మే నెలలో బంగాళాఖాతం జోలికి పోకండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన తీరంలో సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. మామగారి పుట్టినరోజు నవంబరులో వస్తే వేడుకను ఫిబ్రవరికి వాయిదా వేయండి. ఆయన ఏమీ అనుకోరు.

ముందు చెన్నై దగ్గరి ముట్టుకాడు బోటింగ్ కేంద్రంలో పడవ ఎక్కించి అలవాటు చేయమని చాలామంది సలహా ఇస్తారు. నేనైతే తొందరపడను. అక్కడిది నిలకడైన నీరే అయినా, చిన్న పడవ మనిషి కదిలితే చాలు ఊగుతుంది. అక్కడ బెదిరితే ఓడ కూడా అలాగే ఉంటుందని ఆవిడ నిశ్చయించుకుంటారు. 2022లో చెన్నై నుంచి తిరగడం మొదలుపెట్టిన ఎంప్రెస్ ఓడ పొడవు 200 మీటర్లకు పైనే. అంత ఓడ అసలు ఊగదని చెప్పలేం గానీ, నీటి అడుగున ఇరువైపులా రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉన్న ఓడల్లో పక్కలకు ఒరగడం బాగా తగ్గుతుంది. ముట్టుకాడు పడవకు బదులు సాయంత్రం మెరీనాలో, ఆవిడ కూర్చునే చోటే కూర్చుని, రేవులోకి వెళ్లడానికి దూరంగా లంగరు వేసుకుని నిలిచిన ఓడలను చూపించండి. రెండు మూడు సార్లు అలా చూశాక ఆవిడే ఏదైనా అడగవచ్చు. అడగకపోతే మీరూ మాట్లాడకండి.

వస్తానంటే గది ఆవిడ ఇష్టానికే వదలండి. ఖరీదైనదని బాల్కనీ గది తీసుకుంటారు గానీ, రాత్రి నీళ్లు చూడలేని మనిషికి కిటికీ లేని లోపలి గదే నిశ్చింతగా ఉండవచ్చు. ఏదైనా సరే, ఓడ పొడవులో మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో తీసుకోండి. కదలిక అక్కడ తక్కువ. కళ్లు ఒకటి చెబుతుంటే లోపలి చెవి మరొకటి చెప్పడం వల్ల వచ్చేదే ఓడ వికారం. అవోమిన్ వంటి మాత్రలు వికారం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. అయితే అవి మత్తు కలిగిస్తాయి, గ్లకోమా (నీటికాసులు) ఉన్నవారికి పడకపోవచ్చు, కనుక ఆ వయసులో డాక్టరును అడగకుండా ఇవ్వవద్దు. తీరం దాటిన కొంతసేపటికి సెల్‌ఫోను సిగ్నల్ పోతుందని కూడా ముందే చెప్పండి, లేకపోతే అదే పెద్ద గాబరా అవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది సైరను. ప్రయాణం మొదట్లోనే ప్రమాద సమయంలో ఎక్కడ చేరాలో చూపించే డ్రిల్లు ఉంటుంది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత దాని గుర్తు. చెప్పకుండా ఆ కూత వినిపిస్తే అత్తయ్యగారు తన పద్నాలుగేళ్ల వయసు నాటి ఆ రాత్రిలోకి వెళ్లిపోతారు. కూత మోగే వేళ కనుక్కుని, ఆవిడ పక్కనే ఉండండి.

ఆ రాత్రి ఇప్పటికీ కలల్లోకి వచ్చి నిద్ర చెడుతున్నదంటే ఓడ సంగతి వదిలేసి మానసిక వైద్యులను కలవండి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆవిడ రానంటే అదీ ఒక ఏర్పాటే. మీరు ఎంచుకునే ఓడ విశాఖపట్నం రేవుకు వెళ్లేదైతే, ఆవిడను ఒకరు తోడుండి రైల్లో తీసుకువెళితే, పుట్టినరోజు భోజనం అందరూ కలిసి విశాఖలోనే చేయవచ్చు.

ప్రశ్న: క్రూయిజ్‌కు రమ్మంటే, నాతో పనిచేసే స్నేహితురాలికి టైటానిక్ భయం. ఎంత చెప్పినా "లైఫ్‌బోట్లు చాలవు" అంటుంది. ఏం చెప్పాలి?
(ఒక పాఠకురాలు, వేళచ్చేరి)

జవాబు: ఆమె చెప్పేది 1912కు సరిపోతుంది. టైటానిక్‌లో సుమారు 2,200 మంది ఉంటే పడవల్లో చోటు 1,178 మందికే. ఆ దుర్ఘటన వల్లనే 1914లో సముద్ర ప్రాణరక్షణ ఒప్పందం వచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్న 1974 నాటి ఒప్పందం ప్రకారం, అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ప్రయాణికుల ఓడల్లో పడవలు, తెప్పలు కలిపి ఓడలో ఉన్నవారికన్నా నాలుగో వంతు ఎక్కువమందికి సరిపోవాలి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా రాతిని ఢీకొని 32 మంది చనిపోయిన సంగతి కూడా దాచకండి. ఆమె ఎలాగూ వెతికి చూస్తుంది. ఆ తరువాతే, డ్రిల్లు ఓడ బయలుదేరేముందు గానీ బయలుదేరిన వెంటనే గానీ జరిగి తీరాలన్న నియమం వచ్చింది.

ఇంత చెప్పాక ఊరుకోండి. టికెట్టును ఏ తేదీలోగా రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వస్తుందో ట్రావెల్ ఏజెంటు దగ్గర కాగితం మీద రాయించుకుని ఆమెకు ఇవ్వండి. ఆ తేదీ దాకా మళ్లీ అడగవద్దు.