సీమంతానికి వెళ్ళకపోతే ఓర్వలేదంటారేమో!

ప్రశ్న: మాకు పెళ్ళై ఆరేళ్ళు. రెండుసార్లు గర్భం నిలవలేదు. రెండోసారి ఐదో నెలలో పోయింది, ఇంకా ఏడాది కూడా కాలేదు. వచ్చే నెల కాకినాడలో మా తోడికోడలి సీమంతం. పెద్దకోడలిని కాబట్టి రెండు బంగారు గాజులు పెట్టాలని అత్తయ్య అంటున్నారు. ఐవీఎఫ్ కోసం చేసిన అప్పే తీరలేదు. పైగా ‘కడుపు నిలవని మనిషి చేత గాజులు తొడిగిస్తారా’ అని మావారి మేనత్త అన్నారట. వెళ్ళాలంటే భయం, మానేస్తే ఓర్వలేక రాలేదంటారని టెన్షన్. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ముందు ఆ మేనత్తగారి మాట సంగతి చూద్దాం. అది చాలా క్రూరమైన మాట, పైగా అబద్ధం. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం పిండం క్రోమోజోముల్లో తేడాల వల్లే పోతాయి. తర్వాతి నెలల్లో పోతే ఇన్‌ఫెక్షన్, గర్భాశయ ముఖద్వారం బలహీనంగా ఉండటం లాంటి కారణాలు ఉండొచ్చు. ఇందులో మీ చేతి దోషం ఏముంది? ఇక ఆచారం అంటారా, ఇంట్లో జరిపే సంస్కారాల గురించి చెప్పే పాత గ్రంథాలైన గృహ్యసూత్రాల్లోని సీమంతోన్నయనంలో ముఖ్యమైన ఘట్టం భర్త ఏదుపంది ముల్లుతో భార్యకు పాపిట తీయడం. గాజుల పేరంటం మన ఇళ్ళలో ముచ్చటగా జరుపుకునే వేడుక. ముచ్చట కోసం చేసే పనిలో ఇంటి మనిషిని ఏడిపించడం ఏం పద్ధతి?

అంత మాత్రాన మీరు వెళ్ళి తీరాలని నేను అనను. కడుపుకోత ఇంకా పచ్చిగా ఉంది. చలిమిడి పెట్టడం, గాజులు తొడగడం, ‘నీకెప్పుడమ్మా’ అనే పలకరింపులు, ఇవన్నీ నాలుగు గంటలు నవ్వుతూ భరించాల్సిన అవసరం మీకు లేదు. అలాగని ఆఖరి నిమిషంలో జ్వరమని కబురు పంపకండి, మీరు భయపడుతున్న పుకారు అక్కడే పుడుతుంది. ఈ వారమే మీ తోడికోడలికి ఫోన్ చేయండి. అత్తయ్య ద్వారా కాదు, నేరుగా తనకే. ‘నీకు పండంటి బిడ్డ పుట్టాలని నా మనసారా కోరుకుంటున్నాను. పేరంటంలో కూర్చునే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు, ఏమీ అనుకోకు’ అని చెప్పండి. తనకూ మీ ముందు సంతోషపడాలంటే బెరుకుగానే ఉండి ఉంటుంది. మీ మాటతో తన గుండె బరువూ తగ్గుతుంది. వెళ్ళాలనిపిస్తే ముందు రోజు సాయంత్రమే వెళ్ళి, మీరిద్దరే ఉన్నప్పుడు బొట్టు పెట్టి, గాజులు తొడిగి రండి. పేరంటానికి వెళ్ళినా సరే, అక్షతలు వేసి భోజనం చేయకుండా బయల్దేరినా తప్పులేదు. ఆ సంగతి మీవారికి ముందే చెప్పి ఉంచండి.

ఇక కానుక. అప్పు చేసి బంగారం పెట్టకండి. సీమంతానికి వెళ్ళేవాళ్ళు చీర, రవికె, డజను మట్టిగాజులు, పసుపు కుంకుమ, పూలు, పళ్ళు పెడితే నిండుగా ఉంటుంది. గాజులు తన చేతి కొలత కనుక్కుని కొనండి, ఆ నెలల్లో చేతులు కాస్త వాస్తాయి. పాపాయి బట్టలు, ఉయ్యాల మాత్రం ఇప్పుడే కొనొద్దు. బిడ్డ పుట్టకముందు అవి ఇంట్లోకి రాకూడదనే పట్టింపు చాలా కుటుంబాల్లో ఉంది. మీరు కూడా ఆ దుకాణంలో నిలబడి పసిబట్టలు ఏరడం ఇప్పుడెందుకు? బారసాల ఉంది, అన్నప్రాశన ఉంది. పెద్దమ్మగా ఏదైనా పెట్టాలనిపిస్తే, చేతిలో డబ్బు ఆడినప్పుడు ఒక వెండి గిన్నె ఇవ్వొచ్చు.

బంగారు గాజులు కుదరవని అత్తయ్యకు చెప్పాల్సింది మీరు కాదు, మీవారు. అప్పు ఆయనకు తెలుసు, పోయిన బిడ్డలు ఆయనకూ బిడ్డలే. మేనత్త నోటికి అడ్డుపడాల్సిందీ ఆయనే. మీరు చెబితే అది కోడలి ఎదురుమాట అవుతుంది, కొడుకు చెబితే ఇంటి లెక్క అవుతుంది. ఈ రాత్రే మాట్లాడండి.

మీ ఉత్తరంలో నిద్ర గురించి, ఆకలి గురించి రాయలేదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా మానసిక వైద్యుల్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.