ప్రతి పెద్ద విషయానికీ రెఫరెండం పెట్టి ప్రజలనే అడిగేస్తే సరిపోదా?

అలాంటి ఒక రెఫరెండంలో ఓటేసిన అనుభవంతో చెబుతున్నాను, సరిపోదు.

2016 జూన్ 23న బ్రెగ్జిట్ ఓటింగ్, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అన్న రెఫరెండం. అప్పుడు నేను ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో వర్క్ వీసా మీద ఉన్నాను. కామన్వెల్త్ దేశాల వాళ్ళకి ఓటుండేది కాబట్టి భారతీయుణ్ణైనా నాకు వచ్చింది. పన్నెండేళ్ళుగా అక్కడే ఉంటున్న మా ఆఫీసులోని పోలండ్ అతనికి రాలేదు. ఫలితంతో తలకిందులయ్యేది అతని బతుకు, ఓటు మాత్రం నాది. ఆ రోజు అతని మొహం చూడటానికి నాకే ఇబ్బందిగా అనిపించింది.

బ్యాలెట్ మీద రెండే గడులు: ఉండాలా, వెళ్ళిపోవాలా. మా తెలుగు మిత్రుడొకడు వెళ్ళిపోవాలనే వేశాడు. యూరప్ వాళ్ళు తగ్గితే మనవాళ్ళకి వీసాలు పెరుగుతాయని వాడి లెక్క. మా పక్కింటి పెద్దాయనా అదే గడిలో గుర్తు పెట్టాడు, బయటివాళ్ళెవరూ రాకూడదని. (మా ఇంటి బిర్యానీ మాత్రం ఇష్టంగా తినేవాడు.) రెండు ఓట్లూ ఒకే కుప్పలో పడ్డాయి. 51.9 శాతంతో ఆ పక్షం గెలిచింది. కానీ గెలిచింది ఎవరి కోరిక? అదే తేలలేదు. ఇక ముందుకెలా వెళ్ళాలో తేల్చడానికి 2019 మార్చి 27న పార్లమెంటులో ఎనిమిది దారులు ఓటుకు పెడితే ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. చివరికి 2020 జనవరి 31న బయటికొచ్చారు. ఆ తర్వాత మనవాళ్ళకి వీసాలు నిజంగానే బాగా పెరిగాయి. పాపం పెద్దాయన!

పక్కనే ఐర్లాండ్, అబార్షన్ మీద రాజ్యాంగంలో ఉన్న నిషేధం ఎత్తెయ్యాలా అన్న విషయంలో వేరే దారి పట్టింది. లాటరీ తీసినట్టు ఏరిన 99 మంది మామూలు పౌరులు, ఒక జడ్జి అధ్యక్షతన ఐదు వారాంతాలు కూర్చుని డాక్టర్లు, లాయర్లు చెప్పింది విన్నారు, ప్రశ్నలడిగారు, తమలో తాము వాదించుకున్నారు. వాళ్ళ సిఫార్సుల్ని పార్లమెంటు కమిటీ పరిశీలించింది. జనం అవునంటే ఎలాంటి చట్టం తెస్తారో ప్రభుత్వం ఓటింగ్‌కి ముందే బయటపెట్టింది. 2018 మే 25న 66.4 శాతం అవునన్నారు. గొడవ లేకుండా పోలేదు, కానీ దేనికి ఓటేస్తున్నామో జనానికి తెలుసు. ఆ ఏడాదే చట్టమూ వచ్చింది.

పౌరుల్ని కూర్చోబెడితే చాలు, అంతా సర్దుకుంటుందనీ అనలేం. 2024 మార్చిలో అదే ఐర్లాండ్‌లో, ఇంట్లో జరిగే సంరక్షణ గురించి రాజ్యాంగంలో పెట్టమని అలాంటి మరో పౌరుల సభ సూచించిన మాటల్ని ప్రభుత్వం పలచన చేసి ఓటుకు పెట్టింది. దాదాపు 74 శాతం వద్దన్నారు.