ముందు నీళ్లు, తర్వాతే చేపలు

చిన్నా,

కొత్త ఫ్లాట్ హాల్లో నాలుగడుగుల అక్వేరియం పెట్టి, ఆఫ్రికన్ సిక్లిడ్స్ అనే రంగుల చేపలు పెంచి పిల్లలు తీయాలనుకుంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషమనిపించింది. కాకపోతే ఆదివారం షాపుకెళ్లి ట్యాంకూ, చేపలూ ఒకే ఆటోలో ఇంటికి తెచ్చే ఆలోచన మానుకో. రెండింటి మధ్య నెలకు పైగా గడువుండాలి. ఎందుకో చెబుతాను.

మొదట మీ నీళ్లేమిటో తెలుసుకో. హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లలో వచ్చేది బోరు నీళ్లు. గీజరు పాడైపోతోంది, కుళాయిలకు తెల్లగా పట్టేస్తోంది అని అందరూ తిట్టుకునే ఆ గట్టి నీళ్లే నీకు వరం. నువ్వు ఇష్టపడిన చేపల సొంత ఊరు మలావి సరస్సు. మలావి, టాంజానియా, మొజాంబిక్ దేశాల మధ్య 500 కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ సరస్సు నీళ్లు క్షార గుణం కలవి, పీహెచ్ దాదాపు 7.8 నుంచి 8.6 దాకా ఉంటుంది. కాబట్టి ట్యాంకులో ఆర్ఓ నీళ్లు పోయమని ఎవరు చెప్పినా వినకు. ఇంకో సంగతి, మీ బిల్డింగులో వాటర్ సాఫ్ట్‌నర్ ఉందేమో వాచ్‌మన్‌ని అడుగు. సాఫ్ట్‌నర్ నీళ్లలోని కాల్షియాన్ని తీసేసి సోడియం వదులుతుంది. నీళ్లలో కరిగినదంతా కలిపి కొలిచే టీడీఎస్ మీటరుకు ఆ తేడా తెలియదు, చేపకు తెలుస్తుంది. ఉంటే, దానికి ముందున్న పైపు నుంచి నీళ్లు పట్టుకోవాలి. పీహెచ్, కేహెచ్ (కార్బొనేట్ల వల్ల వచ్చే గట్టిదనం), అమోనియా, నైట్రైట్ చూసే చుక్కల కిట్ ఒకటి కొను. చేపల కంటే ముందు కొనాల్సింది అదే.

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే 250 లీటర్లు. గాజు, రాళ్లు, ఇసుక కలిస్తే మూడు క్వింటాళ్లు దాటుతుంది. స్టాండు సమంగా ఉందో లేదో మేస్త్రీల మట్టం పెట్టి చూసుకో, ట్యాంకు కింద థర్మోకోల్ షీటు పరుచు.

రాళ్ల కోసం షాపులో డబ్బు తగలేయకు. ఫ్లోరింగు రాళ్లు అమ్మేచోట కడప బండల ముక్కలు, తాండూరు రాయి ముక్కలు ఊరికే ఇస్తారు. రెండూ సున్నపురాళ్లే, నీళ్ల గట్టిదనం పడిపోకుండా కాస్తాయి. పదునైన అంచులు మాత్రం అరగదియ్యి. ముందు రాళ్లు నేరుగా అడుగున నిలబెట్టి, ఆ తర్వాతే చుట్టూ ఇసుక పొయ్యాలి. ఈ చేపలు నోటితో ఇసుక తవ్వుతూనే ఉంటాయి. ఇసుక మీద రాయి పెడితే కింద గొయ్యి పడి అది ఒరుగుతుంది, చేప నలిగిపోతుంది, లేదా గాజు పగులుతుంది.

ఇక నెల గడువు సంగతి. చేపల విసర్జన, మిగిలిన తిండి కుళ్లి అమోనియా అవుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలే. ఈ బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో అమోనియా మరింత ప్రమాదకరం, అందుకే సిక్లిడ్స్ పెంచేవాళ్లు ఇక్కడ తొందరపడకూడదు. ఫిల్టరు నడుపుతూ రోజూ చిటికెడు చేపల మేత వెయ్యి. నా ట్యాంకులో వాడి, ఈ బాక్టీరియా పట్టిన స్పాంజి ఒకటి తడి ఆరకుండా పంపిస్తాను, పని త్వరగా అవుతుంది. మేత వేస్తున్నా అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలు. ఆ తర్వాత వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చు. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ పోవడానికి హైపో (సోడియం థయోసల్ఫేట్) వెయ్యాలి. స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండు.

చేపల్లో మొదటిసారికి ఎల్లో ల్యాబ్ అనే పసుపు రంగు మలావి సిక్లిడ్ తీసుకో. రాళ్ల మధ్య బతికే మిగతా మలావి చేపల కంటే నెమ్మదస్తురాలు. 'మిక్స్‌డ్ ఆఫ్రికన్స్' అని కలగాపులగంగా అమ్మే ట్యాంకులోంచి మాత్రం కొనకు. ఎల్లో ల్యాబ్, రెడ్ జీబ్రా అనే ఇంకో మలావి చేప ఒకచోట ఉంటే కలిసిపోతాయి, పుట్టే పిల్లలు దేనికీ చెందవు. పసుపులో నారింజ ఛాయ, వీపు రెక్క మీద నల్లగీత చెదిరినట్టు ఉంటే అనుమానించు. ఒకే రకంవి ఎనిమిది చిన్న పిల్లలు తెచ్చి కలిపి పెంచు. పెద్దయ్యాక ఒక మగదానికి మూడు ఆడవి ఉండేలా చూసుకుంటే, దాని వేధింపు ఒక్కదాని మీదే పడదు.

పిల్లలు తీయడంలో నువ్వు చెయ్యాల్సింది తక్కువ, చూడాల్సింది ఎక్కువ. మగచేప రాయి పక్కన ఇసుక తోడి చోటు చేస్తుంది, ఒళ్లంతా వణికిస్తూ ఆడదాన్ని పిలుస్తుంది. రెండూ గుండ్రంగా తిరుగుతుంటే ఆడది కొన్ని గుడ్లు పెట్టి, వెంటనే వెనక్కి తిరిగి నోట్లోకి తీసుకుంటుంది. మగదాని పొట్ట కింద వెనక రెక్క మీద గుడ్లలాంటి పసుపు చుక్కలుంటాయి. ఆడది వాటి దగ్గరికి నోరు తెచ్చినప్పుడు మగది వీర్యం వదులుతుంది, గుడ్లు తల్లి నోట్లోనే ఫలదీకరణ చెందుతాయి. ఇక అక్కడి నుంచి మూడు వారాల పైచిలుకు తల్లికి దాదాపు ఉపవాసమే. గొంతు కింద సంచిలా ఉబ్బి, ఏదో నములుతున్నట్టు దవడ కదులుతుంటుంది. నమలడం కాదు, గుడ్లను దొర్లిస్తుందన్నమాట. ఎన్నిసార్లు చూసినా నాకు కన్ను తిప్పుకోబుద్ధి కాదు.

మొదటి ఈతలో తల్లిచేపలు చాలావరకు గుడ్లు మింగేస్తాయి. బాధపడకు, తర్వాత నేర్చుకుంటాయి. రెండు వారాలు దాటాక, రాత్రి లైటు ఆపి, తల్లిని మెల్లగా ఒక గిన్నెతో పట్టి, స్పాంజి ఫిల్టరున్న చిన్న ట్యాంకులోకి మార్చు. వల వేసి తరిమితే భయంతో ఉమ్మేస్తుంది. పిల్లలు బయటికొచ్చాక తల్లికి రెండు మూడు రోజులు విడిగా మంచి మేత పెట్టి, ఒళ్లు తేరాకే పెద్ద ట్యాంకులోకి వదులు. పిల్లలకు మెత్తగా నలిపిన మేత, అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిట్టి రొయ్యలాంటి జీవి) పెట్టు. ఉప్పునీళ్లలో గాలి ఆడిస్తే ఆర్టీమియా గుడ్లు ఒక రోజులో పొదుగుతాయి.

ఎండాకాలం జాగ్రత్త. ఈ చేపలకు 24 నుంచి 28 డిగ్రీలు చాలు. మే నెలలో నీళ్లు వేడెక్కి ప్రాణవాయువు తగ్గిపోతుంది. మూత తీసి, వలగుడ్డ కప్పి, నీటి మీదికి టేబుల్ ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కరెంటు పోతుందని టెన్షన్ పడకుండా బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో పెట్టుకో.

ఒక విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఒక్కో ఈతకు పదీ ఇరవై పిల్లలొస్తాయి, ఏడాదికి చాలా ఈతలు. ఎవరికివ్వాలో ముందే షాపువాళ్లతో, తెలిసినవాళ్లతో మాట్లాడి పెట్టుకో. జాగా లేకపోతే తల్లిని విడిగా తీయకుండా పెద్ద ట్యాంకులోనే ఉంచెయ్యి, మిగతా చేపలు తినగా మిగిలేవి ఒకటో రెండో. అంతేకానీ ఏ చెరువులోనూ వదలొద్దు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా కూడా సిక్లిడ్ జాతిదే, నోట్లో పిల్లల్ని పెంచేదే. చెరువుల్లో అదెంత విస్తరించిందో చూస్తూనే ఉన్నాం. అక్వేరియం గాజు శుభ్రం చేస్తుందని కొనే సకర్ చేప ఇప్పుడు ఆంధ్రా చెరువుల్లో చేరి జాలర్ల వలలు చింపేస్తోంది. అది కూడా ఎవరి హాల్లోంచో వెళ్లిందే.

ట్యాంకు కొలతలు, కిట్ చూపించిన అంకెలు నాకు వాట్సాప్ చెయ్యి. స్పాంజి ఎప్పుడు పంపాలో దాన్ని బట్టి చెబుతాను.

మీ పెదనాన్న