అమ్మతో కలిసి జపాన్‌లో ఓన్సెన్‌కు వెళ్లవచ్చా?

అరవై దాటిన అమ్మతో జపాన్ వస్తున్నామనీ, ఆవిడ శాకాహారి అనీ, పదిమందిలో బట్టలు లేకుండా స్నానమంటే ససేమిరా అంటున్నారనీ, అలాంటప్పుడు ఓన్సెన్ ఊరిలో, అంటే వేడినీటి ఊటల స్నానశాలలున్న ఊరిలో, ఒక రాత్రి గడపాలన్న ఆలోచన మానుకోవాలా అనీ మీరు అడిగారు. దయచేసి మానుకోకండి. ఒసాకాలో ఉన్న రోజుల్లో నేను మా అమ్మను కినోసాకికి తీసుకువెళ్లాను. బయలుదేరే ముందు మీకున్న బెంగలన్నీ మాకూ ఉన్నాయి.

కినోసాకి హ్యోగో ప్రిఫెక్చర్‌లో, జపాన్ సముద్రతీరానికి దగ్గరగా ఉన్న చిన్న ఊరు. ఒసాకా నుంచీ, క్యోటో నుంచీ నేరుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్ రైలులో రెండున్నర గంటలకు కాస్త అటూ ఇటూగా పడుతుంది. ఊరంతా కలిసి ఒకే ర్యోకాన్ (జపాన్ సంప్రదాయ సత్రం) అనీ, రైల్వే స్టేషను దాని గుమ్మమనీ, వీధులు దాని వసారాలనీ అక్కడివారు చెప్పుకుంటారు. సోతోయు అని పిలిచే ఏడు ఊరుమ్మడి స్నానశాలలున్నాయి. ర్యోకాన్‌లో బస చేసినవారికి వాటిలో ప్రవేశం ఉచితం. కాలువ గట్టున విల్లో చెట్ల కింద నడుస్తూ ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లవచ్చు కనుక పెద్దవారికి అలసట ఉండదు.

మీ అమ్మగారి చేతిమీద పచ్చబొట్టు ఉందేమో ముందే చూసుకోండి. మా అమ్మ ముంజేతిమీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు ఉంది. జపాన్‌లో చాలా ఓన్సెన్‌లు, పచ్చబొట్టు ఉన్నవారిని, అది ఎంత చిన్నదైనా, లోపలికి రానివ్వవు. కినోసాకిలోని ఏడు స్నానశాలల్లోనూ ఆ అభ్యంతరం లేదు. మేము ఆ ఊరిని ఎంచుకోవడానికి అసలు కారణం అదే.

ఇక సిగ్గు సంగతి. ఆడవారికీ మగవారికీ స్నానశాలలు వేరుగా ఉంటాయి, కానీ ఒంటిమీద ఏ దుస్తులతోనూ నీటిలోకి దిగనివ్వరు. అయితే లోపలికి వెళ్లగానే తొట్టిలోకి దిగరు. ముందుగా గోడవారన వరుసగా ఉన్న కుళాయిల దగ్గర చిన్న పీటమీద కూర్చుని, సబ్బుతో ఒళ్లంతా రుద్దుకుని, నురగ చుక్క కూడా మిగలకుండా కడుక్కోవాలి. అమ్మ తువ్వాలు అడ్డుపెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. అప్పుడు ఒక పెద్దావిడ తన పక్కనున్న పీటమీద రెండు దోసిళ్ల నీళ్లు పోసి, అరచేత్తో తుడిచి, మాటా పలుకూ లేకుండా అమ్మవైపు జరిపింది. పెరట్లో పీట వేసుకుని తలంటు పోసుకున్న మనిషికి అంతకుమించి చెప్పాల్సింది లేకపోయింది. అమ్మ వెళ్లి కూర్చుంది. తరువాత ఎవరూ ఎవరివైపూ చూడలేదు. చిన్న తువ్వాలును తొట్టి నీటికి తగలనివ్వకూడదు. అందరిలాగే అమ్మ కూడా దానిని మడిచి తలమీద పెట్టుకుంది.

అలా కూడా కుదరదంటే, చాలా ర్యోకాన్‌లలో కషికిరి పేరుతో ఒక కుటుంబమే తలుపు వేసుకుని వాడుకునే స్నానపు గది ఉంటుంది. గది బుక్ చేసేటప్పుడే అది ఉందో లేదో అడగండి. మోకాళ్ల నొప్పులుంటే నేలమీద పరిచే పక్కకు బదులు మంచం ఉన్న గది కూడా అడగాలి. యుకాతా అనే పలుచని నూలు అంగీ కట్టుకునేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది చనిపోయినవారికి.

భోజనం విషయంలో మాత్రం గట్టిగా జాగ్రత్తపడండి. అంతకుముందు మరో ఊరిలో దిగినప్పుడు ‘శాకాహారం’ అని మాత్రమే రాసి ఊరుకున్నాను. మాంసం ముక్కలు, చేప ముక్కలు లేని మాట నిజమే కానీ, కాల్చిన వంకాయమీద చల్లిన ఎండు చేప పొరలు వేడికి కదులుతూ కనిపించాయి, సూపులో ఆ చేప నీళ్లే ఉన్నాయి. అమ్మ అన్నం, ఊరగాయ ముక్కలతో సరిపెట్టుకుంది. కాబట్టి ‘నికు’ అంటే మాంసం, ‘సకానా’ అంటే చేప, ‘కత్సువో దాషి’ అంటే ఎండు చేపతో కాచిన నీళ్లు, ఈ మూడూ వద్దనీ, సముద్రపు నాచుతో చేసే ‘కొంబు దాషి’ పరవాలేదనీ విడివిడిగా రాసి, సరేనని జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. నవంబరు నుంచి మార్చి వరకు కినోసాకిలో పీతల కాలం. వంటిళ్లన్నీ పీతల వంటలతోనే ఉంటాయి, అద్దెలూ పెరుగుతాయి కనుక ఆ నెలలు మీకు తగినవి కావు.

నీళ్లు నలభై డిగ్రీలకు పైనే ఉంటాయి. రక్తపోటు ఉంటే బయలుదేరే ముందే డాక్టరును అడిగి, భోజనం చేసిన వెంటనే దిగకుండా, మొదటిసారి ఐదు నిమిషాలకే పైకి వచ్చి గట్టుమీద కూర్చోమనండి. లేచేటప్పుడు తల తిరగవచ్చు, మీరు పక్కనే ఉండి చెయ్యి పట్టుకోండి.