అమ్మమ్మ తిట్టు వీడియో తీసేసింది మనిషా, మెషీనా?

మీ అమ్మమ్మ మనవణ్ణి "ఓరి దొంగసచ్చినోడా, అన్నం తిని పోరా" అని పిలుస్తున్న వీడియో పెడితే వేధింపుల కింద తీసేశారని, ఆ పని మనిషి చేశాడా, మెషీన్ చేసిందా, అసలు తెలుగు తెలిసినవాళ్ళెవరైనా చూస్తారా అని అడిగారు. నేను హైదరాబాద్‌లో మూడేళ్ళు తెలుగు కంటెంట్ మోడరేటర్‌గా, అంటే జనం పెట్టే పోస్టులు ఉంచాలా తీసేయాలా చూసే పనిలో ఉన్నాను. కంపెనీ పేరు, మేం చూసిన యాప్ పేరు చెప్పలేను. పని ఎలా జరిగేదో చెప్తాను.

మీ వీడియోను ముందు పట్టుకున్నది దాదాపుగా మెషీనే అయి ఉంటుంది. మా దగ్గర ప్రతి పోస్టుకీ సాఫ్ట్‌వేర్ ఒక స్కోర్ ఇచ్చేది. స్కోర్ బాగా ఎక్కువైతే ఎవరూ చూడకుండానే పోస్టు పోతుంది. బాగా తక్కువైతే ఎవరి కంటా పడదు. మధ్యలో ఉన్నవి, జనం రిపోర్ట్ కొట్టినవాటిలో కొన్ని, అప్పీలుకు వచ్చినవి మా క్యూలోకి, అంటే మేం చూడాల్సిన వరుసలోకి వచ్చేవి. అంటే మేం ఏం చూడాలన్నది కూడా మెషీనే నిర్ణయించేది. మేం నొక్కిన ప్రతి బటనూ మళ్ళీ దానికి పాఠంగా వెళ్ళేది. బయట ఉన్నవాళ్ళకు ఈ రెండో సంగతి తెలియదు.

మెషీన్‌ను తిట్టాలని ఇది రాయడం లేదు. అది చేసే ఒక పనికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. పిల్లల మీద అఘాయిత్యాల ఫోటోలను గుర్తుపట్టడానికి మైక్రోసాఫ్ట్, డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ హానీ ఫరీద్ కలిసి 2009లో ఫోటోడీఎన్‌ఏ అనేది తయారుచేశారు. ఒకసారి గుర్తించిన ఫోటోకు వేలిముద్ర లాంటిది తీసి పెట్టుకుంటుంది. సైజు మార్చినా, కాస్త రంగు మార్చినా, మళ్ళీ ఎక్కడ అప్‌లోడ్ చేసినా పోల్చి పట్టేస్తుంది. అలాంటి ఫోటోను మొదటిసారి ఎవరో ఒక మనిషి చూడక తప్పదు. ఆ తర్వాత వందమంది చూడాల్సిన అవసరం లేకుండా చేస్తుంది. మా ఫ్లోర్‌లో అలాంటి మొదటిసారి ఎదురైన ఒక అమ్మాయి, ఆ షిఫ్ట్‌లో మళ్ళీ సీట్లోకి రాలేకపోయింది.

ఆ 'మొదటిసారి' దగ్గరే మెషీన్ తడబడుతుంది. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల మీద దాడిని హంతకుడు ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టాడు. లైవ్ నడుస్తుండగా సిస్టమ్ పట్టుకోలేదు. మొదటి రిపోర్ట్ ఒక మనిషి నుంచి వచ్చింది, అదీ లైవ్ అయిపోయిన 12 నిమిషాలకు. ఒకసారి ఆ వీడియో ఏమిటో తెలిశాక మాత్రం మొదటి 24 గంటల్లో 15 లక్షల కాపీలు తీసేశామని, అందులో 12 లక్షలకు పైగా అప్‌లోడ్ అవుతుండగానే ఆపామని ఫేస్‌బుక్ ప్రకటించింది. అంత పని మనుషులు చేయగలిగేది కాదు.

ఇక తెలుగు సంగతి. సినిమా టీజర్ కింద "చంపేశావ్ అన్నా" అని ఉంటే మా క్యూలో ఎర్రగా 'హింస' అని వచ్చేది. "లంగ" అనే మాట తెలంగాణలో తిట్టు, మోసగాడని అర్థం. ఆంధ్రాలో లంగా ఓణీ. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తే రెండూ ఒకటే. బట్టల షాపు వాళ్ళ పోస్టులు మా దగ్గరికి వచ్చేవి. "ఆ పోరి" అన్న మాట మీద మా టీమ్‌లోనే నిజామాబాద్ అమ్మాయికీ శ్రీకాకుళం అబ్బాయికీ వాదన జరిగింది. ఆమెకది రోజూ వాడే మాట, అతనికి మర్యాద లేని మాట. తెలుగు వచ్చిన ఒక్క మనిషి ఉంటే చాలనుకోవడం ఎంత పొరపాటో నాకు ఆ రోజు తెలిసింది.

పొరపాటున తీసేసిన వాటికంటే వదిలేసినవి ఎక్కువ ప్రమాదం. ఒకసారి ఒక అమ్మాయి ఫోటో కింద ఈ కామెంట్ వచ్చింది: "రేపు కూడా అదే బస్సుకేనా? నిన్నటి పచ్చ చున్నీ బాగుంది." ఒక్క చెడ్డ మాట లేదు. స్కోర్ దాదాపు సున్నా. ఆ అమ్మాయి అప్పటికే మూడుసార్లు రిపోర్ట్ చేసింది. స్కోర్ తక్కువని మూడూ వాటంతటవే మూసుకుపోయాయి. నాలుగోది ఎలాగో నా దగ్గరికి వచ్చింది. టూల్‌లో 'ఉల్లంఘన లేదు' అని సూచన సిద్ధంగా ఉంది, ఒక్క క్లిక్ చాలు. నాకు కాలేజీ రోజుల్లో ఖమ్మం బస్టాండ్ గుర్తొచ్చి చెయ్యి ఆగింది. అతని పాత కామెంట్లన్నీ తెరిచి చూశాను. నెల రోజులుగా ఆమె ఎక్కడికి వెళ్తే అక్కడి గురించి రాస్తున్నాడు. పై టీమ్‌కు ఎస్కలేట్ చేశాను, అకౌంట్ పోయింది.

ఒక్కో పోస్టుకు మాకు ఇచ్చే సమయం నిమిషం లోపు. దానికి నాకు ఆరు నిమిషాలు పట్టింది. ఆ వారం ఆడిట్‌లో నా నిర్ణయానికి తప్పు మార్కు వేశారు, ఎందుకంటే సూచనకు విరుద్ధంగా ఉంది. మా టీమ్ లీడ్ పట్టుబట్టి దాన్ని దిద్దించారు. ఇప్పటికీ నాకు కోపం వచ్చేది ఇక్కడే. మెషీన్ చెప్పిందానికి అవునంటే ఎవరూ అడగరు, కాదంటే సంజాయిషీ చెప్పుకోవాలి. రాత్రి మూడింటికి, నాలుగు వందలో పోస్టు దగ్గర, ఎవరైనా అవుననే నొక్కుతారు. నేనూ నొక్కాను. ఆ అవును మళ్ళీ దానికే పాఠమై, తన తప్పు సరైనదేనని నేర్చుకుంటుంది. ఇంగ్లీషుకున్నన్ని ఉదాహరణలు తెలుగుకు లేవు కాబట్టి మన భాషలో ప్రతి తప్పు క్లిక్కూ ఇంకా బరువు.

తర్వాత మా లీడ్ వారానికోసారి గంటసేపు మమ్మల్ని కూర్చోబెట్టి, మెషీన్‌తో విభేదించిన కేసులన్నీ చర్చకు పెట్టించారు. ఏ జిల్లాలో ఏ మాటకు ఏ అర్థమో పట్టిక రాసి పైకి పంపాం. కొన్ని నెలలకు "చంపేశావ్"లు క్యూలో బాగా తగ్గాయి.

మనుషుల్ని చాలావరకు పక్కన పెడితే ఏమవుతుందో 2020లో అందరూ చూశారు. కోవిడ్ వల్ల యూట్యూబ్ ఎక్కువ భారం సాఫ్ట్‌వేర్ మీద వేసింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా 1.14 కోట్ల వీడియోలు తీసేశారు. అంతకుముందు మూడు నెలల్లో అవి 61 లక్షలు. అప్పీళ్ళ మీద లక్షన్నరకు పైగా వీడియోలు తిరిగి పెట్టాల్సి వచ్చింది.

మీరు చేయాల్సింది ఇది. అప్పీల్ తప్పకుండా పెట్టండి, మా దగ్గర అప్పీళ్ళు మనుషులకే వచ్చేవి. "మా వీడియో ఎందుకు తీశారు" అని నిలదీస్తే చూసేవాళ్ళకు ఏమీ తెలియదు. "ఈమె మా అమ్మమ్మ, మనవణ్ణి అన్నానికి పిలుస్తోంది, మా వైపు ఇది ముద్దు మాట, ఫలానా సెకను దగ్గర పిల్లాడు నవ్వుతున్నాడు" అని రాయండి. చూసే అమ్మాయికి నిమిషమే ఉంటుంది, నేరుగా ఆ సెకనుకే వెళ్తుంది. అక్కడా తేలకపోతే 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆ కంపెనీకి మన దేశంలో గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి, ఆయనకు రాయండి. ఆ జవాబు నచ్చకపోతే కేంద్ర ప్రభుత్వం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్ళొచ్చు. వీడియో ఒరిజినల్ ఫైలు మాత్రం ఫోన్‌లోంచి తీసేయకండి.